నాలుగు తాళ్ల పెట్టె

కాలేజీలో కొత్తగా చేరిన పిల్లల చేత చప్పట్లు కొట్టించడం తేలిక. సంతకాలు పెట్టించడం ఇంకా తేలిక. వాళ్ల చేత నోరు తెరిపించి ఒక్క ప్రశ్న అడిగించాలంటే మాత్రం తలప్రాణం తోకకొస్తుంది. ఈ సంగతి డ్రాయింగ్ మేడమ్‌కి రెండే రెండు శనివారాల్లో తెలిసొచ్చింది.

ఆమె ఆ ఇంజనీరింగ్ కాలేజీలో మొదటి సంవత్సరం వాళ్లకి డ్రాయింగ్ చెబుతుంది. అందుకని పిల్లలకీ, తోటి మాస్టర్లకీ, గేటు దగ్గర టీ కొట్టాయనకీ అందరికీ ఆమె డ్రాయింగ్ మేడమే. అమ్మానాన్నలు ముచ్చటపడి పెట్టిన పేరు జీతం కాగితం మీద తప్ప ఎక్కడా కనబడదు. కొత్త పిల్లలకి కొత్త ఆలోచనలు పుట్టించే ఈ వర్క్‌షాప్ ఎవరో ఆమె నెత్తిన రుద్దింది కాదు. కోరి తెచ్చుకుంది. ఒకరోజు క్లాసులో బోర్డు మీద బోల్టూ నట్టూ గీస్తూ ఏదో పరధ్యానంలో నట్టు కన్నాన్ని బోల్టు కంటే సన్నగా గీసేసింది. అలాంటి నట్టులో ఆ బోల్టు పట్టడం దేవుడి తరం కూడా కాదు. క్లాసు క్లాసంతా దాన్ని అలాగే దించుకుంది. గీతలు ఎంత శుభ్రంగా ఉన్నాయో చెప్పనక్కర్లేదు. ఒక్కరైనా "ఇదెలా పడుతుంది మేడమ్?" అని అడగలేదు. కాగితాలు దిద్దుతూ ఆ బొమ్మని మళ్లీ మళ్లీ చూసేసరికి ఆమెకి మొదట నవ్వొచ్చింది, తర్వాత దిగులేసింది, ఆ తర్వాత చిర్రెత్తుకొచ్చింది. చిర్రెత్తిన ఊపులోనే ప్రిన్సిపాల్ గదిలోకి వెళ్లి, పిల్లలకి శనివారాలు వర్క్‌షాప్ పెడతానని అడిగేసింది.

మొదటి శనివారం సొంతంగా కంపెనీ పెట్టిన ఒకాయన్ని పిలిచింది. ఆయన తెర మీద బొమ్మలు వేసి, కోటు గుండీ విప్పి, మళ్లీ పెట్టుకుని, తన గెలుపు గురించి తానే రెండు గంటలు చెప్పుకున్నాడు. పిల్లలు కళ్లు తెరిచి నిద్రపోయే విద్య అప్పటికే నేర్చేసుకున్నారు. రెండో శనివారం, ఉపన్యాసాలు వద్దు, మీరే ఏదైనా కొత్త వస్తువు చేసి తీసుకురండి అంది. తెచ్చారు. వాన పడితే తనంతట తనే లోపలికి జరిగే బట్టల తీగ. ఒక జట్టు కాదు, సగానికి సగం జట్లు అదే తెచ్చాయి. గేటు ఎదురుగా ఉన్న ఎలక్ట్రానిక్స్ దుకాణంలో అది తయారుగా దొరుకుతుందట, సీనియర్లు దారి చూపించారట. ఒక జట్టు తెచ్చిన దాని అడుగున వేరే కాలేజీ పేరు ఉన్న కాగితం కూడా అంటుకుని ఉంది. దాన్ని చింపే ఓపిక కూడా లేకపోయింది వీళ్లకి.

రెండుసార్లూ చివర్లో ఆమె "అనుమానాలేమైనా ఉన్నాయా?" అని అడిగింది. రెండుసార్లూ ఒకే చెయ్యి లేచింది, ఒకే ప్రశ్న వచ్చింది. "అటెండెన్స్ ఎప్పుడు వేస్తారు మేడమ్?"

ప్రిన్సిపాల్ చెడ్డవాడేం కాదు. ఒకప్పుడు లెక్కల మాస్టరు. సమాధానం కింద రెండు గీతలు కొడితే గానీ ఆయనకి నిద్ర పట్టదు. బట్టల తీగల ప్రదర్శన అయ్యాక ఆమెని పిలిచి కూర్చోబెట్టి, మంచినీళ్లు తెప్పించి మరీ చెప్పాడు.

"చూడండి మేడమ్, మీ తపన నాకు అర్థమైంది. కానీ ఈ పిల్లలు లెక్కల్లో వెనకబడుతున్నారు. వచ్చే శనివారం సాయంత్రం నేనే వస్తాను. వాళ్లలో ఒక్కరు, ఒక్కరంటే ఒక్కరు, ఈ అటెండెన్స్ గొడవ కాకుండా నిజమైన ప్రశ్న అడగాలి. అడిగారా, ఏడాదంతా శనివారాలు మీవే, ఆ డ్రాయింగ్ హాలూ మీదే. అడగలేదా, శనివారాలు లెక్కలకి ఇచ్చేస్తాను. మళ్లీ మీరు ఈ ఊసెత్తకూడదు. సరేనా?"

సరే అనక ఏం చేస్తుంది? సరేనంది. మెట్లు దిగుతుంటే మాత్రం ఏడుపొచ్చినంత పనైంది. ఈ హాలు పోతే ఆ పిల్లలు నాలుగేళ్లూ తప్పుడు నట్టులు శుభ్రంగా గీసుకుంటూ బయటికి పోతారు, తాను వాటికి మార్కులు వేస్తూ కూర్చుంటుంది. ఆమెకి తలుచుకుంటేనే భయమేసింది.

ఆమె ఇల్లు భర్త నడిపే కళ్లజోళ్ల దుకాణం పైన. దుకాణంలో ఆయన, పైన అత్తగారు. అత్తగారిని కొడుకు ముద్దుగా 'ఆరా శాఖ' అంటాడు. వీధిలో ఎవరింటి ముందు ఆటో ఆగినా అందులోంచి ఎవరు దిగారో, ఎందుకు దిగారో, చేతిలో సంచి ఎందుకంత బరువుగా ఉందో ఆవిడకి తెలిసి తీరాలి. తెలియకపోతే అన్నం సయించదు. తెలిశాక ఇంకొకరికి చెప్పకపోతే కడుపు ఉబ్బిపోతుంది. మనసులో విషం లేదు, మనిషికి ఉత్త ఆరాటం అంతే.

ప్రిన్సిపాల్ షరతు పెట్టిన రోజు ఆమె ఇంటికొచ్చేసరికి అత్తగారు కిటికీ దగ్గర నిలబడి పక్కింటివాళ్ల పార్సిల్‌ని చెవి దగ్గర పెట్టుకుని ఊపుతున్నారు. పక్కింటికి తాళం వేసి ఉందని కొరియర్ అబ్బాయి వీళ్ల చేతిలో పెట్టి వెళ్లాడట.

"గాజుసామాను కాదమ్మాయ్. గాజైతే గలగలమనేది. ఇది చూడు, లోపల ఏదో జరుగుతోంది, జరిగి ఆగుతోంది. బట్టలు కూడా కాదు. బట్టలైతే ఇంత బరువుండవు." అట్టపెట్టె మూల ముక్కు దగ్గర పెట్టుకుని వాసన చూశారు. "రబ్బరు వాసన. బూట్లా? బూట్లయితే జత ఉండాలిగా, ఒక్కటే జరుగుతోందేంటి?"

కోడలు భుజాన సంచి అలాగే ఉంచుకుని గుమ్మంలో నిలబడిపోయింది. ఈవిడ ఏ కాలేజీకీ వెళ్లలేదు. ఎవరూ ఈవిడకి అటెండెన్స్ వెయ్యరు. అయినా ఆ పార్సిల్‌తో ఊపడం, వినడం, వాసన చూడటం, ఒకటి అనుకోవడం, అది కాదని కొట్టేసి ఇంకొకటి అనుకోవడం, ఎంత హడావిడి! తానేమో పిల్లలకి సమస్యలు విప్పి విస్తట్లో వడ్డిస్తోంది. మూత వేసి ఇస్తే?

వారమంతా సాయంత్రాలు అలాంటి మూసిన పెట్టె ఒకటి తయారుచేసే పనే. భర్త ప్లైవుడ్ ముక్కలు కోయించి తెచ్చాడు. కళ్లజోళ్ల ఫ్రేములు సరిచేసే చేతులు కదా, అంచులు నున్నగా అరగదీసి ఇచ్చాడు గానీ లోపలి పని మొదలయ్యేసరికి లేచి వెళ్లిపోయాడు.

"లోపలేముందో నాకు చెప్పొద్దు తల్లీ. చెప్పావంటే మా అమ్మ నా చేత కక్కించేస్తుంది."

పెట్టె మామూలుదే. చిన్న ట్రంకు పెట్టె అంత ఉంటుంది. ఎడమ పక్క రెండు కన్నాలు, కుడి పక్క రెండు. ఒక్కో కన్నంలోంచి ఒక్కో తాడు బయటికి వేలాడుతుంది. ఎరుపు, నీలం, పసుపు, ఆకుపచ్చ. లోపల తాళ్లు ఒక ఇనుప రింగులోంచి దూరి ఒకదాన్నొకటి దాటుకుని వెళతాయి. ఎరుపు లాగితే నీలం లోపలికి పోతుంది, నీలం లాగితే ఆకుపచ్చ పోతుంది, అలా. ఫోన్ లైటు వేసి కన్నంలోంచి చూసే తెలివైనవాళ్లు ఉంటారని లోపల నల్లగుడ్డ కూడా అంటించింది. మూతకి నాలుగు మరలు బిగించింది. పిల్లలు పెట్టె తెరవకుండా, లోపల ఏముందో ఊహించి, అట్టపెట్టెలతో అచ్చం అలాగే కదిలే పెట్టె తయారుచెయ్యాలి. అదీ వర్క్‌షాప్.

ఆమెకి ఒక అలవాటుంది. ఏ ప్రశ్న ఇచ్చినా జవాబు ముందే మూడు రకాలుగా రాసిపెట్టుకుంటుంది. క్లాసులో తడబడితే పరువు పోతుందని భయం. ఈసారి కూడా జవాబు, దానికి దారితీసే చిన్న చిన్న సూచనలు అన్నీ సిద్ధం చేసుకుని, శనివారం పొద్దున్న పెట్టెని ఆటోలో ఒళ్లో పెట్టుకుని కాలేజీకి వెళ్లింది.

డ్రాయింగ్ హాలు పొడుగ్గా ఉంటుంది. ఏటవాలు బల్లలు, ఎత్తు స్టూళ్లు, ఒక పక్క గోడంతా కిటికీలు. పిల్లలు ఎప్పటిలాగే వచ్చి, ఎప్పటిలాగే గోడలకి ఆనుకునేలా చివరి స్టూళ్లు వెతుక్కుని కూర్చున్నారు. ముందు వరసలో మాత్రం ర్యాంకు పిల్ల కూర్చుంది. ఎంట్రన్సులో ఆ పిల్లకి మంచి ర్యాంకు వచ్చింది, అందుకని అందరూ అలాగే పిలుస్తారు. ఆ పిల్ల బోర్డు వైపు చూడదు, చెప్పేవాళ్ల ముఖం వైపు చూస్తుంది. జవాబు చెబుతూ మాస్టారి కనుబొమలు ఎటు కదిలితే అటు తన జవాబు తిప్పుకోగలదు. పుట్టి బుద్ధెరిగాక పెద్దవాళ్లెవరైనా ప్రశ్న అడిగితే తెలియదనే మాట ఆ పిల్ల నోట వచ్చి ఎరుగదు.

"ఇదిగో, జాగ్రత్తగా చూడండి. నేను ఎర్ర తాడు లాగితే నీలం తాడు లోపలికి వెళుతుంది" అంటూ డ్రాయింగ్ మేడమ్ ఎర్ర తాడు లాగింది.

నీలం తాడు కదల్లేదు. పెట్టెలో ఎక్కడో 'టక్' మని చప్పుడైంది. కాసేపు ఏమీ లేదు. తర్వాత, ఎవరూ లాగకుండానే, పసుపు తాడు నెమ్మదిగా, బద్ధకంగా లోపలికి పాక్కుంటూ పోయింది.

ఆమె ఎర్ర తాడు మళ్లీ లాగింది. ఈసారి చప్పుడూ లేదు, పసుపూ కదల్లేదు. మూడోసారి లాగింది. టక్. మళ్లీ ఆ పసుపు తాడు, మళ్లీ అదే బద్ధకం. నిన్న సాయంత్రం ఇంట్లో పదిసార్లు లాగి చూసుకున్న పెట్టె ఇది. ఆటో కుదుపులకి లోపల ఏమైనా ఊడిందా? సంచిలో ఉన్న జవాబు కాగితాలు ఇక పొయ్యిలోకి తప్ప ఎందుకూ పనికిరావు. సాయంత్రం ప్రిన్సిపాల్ వస్తాడు.

వేరే దారి లేక పెట్టెని బల్ల మీదే వదిలేసి, "వచ్చి లాగి చూడండి, లోపల ఏముందో అనుకుని అలాంటిది చెయ్యండి" అని, అట్టపెట్టెలూ పురికొసా గుండీలూ రింగులూ ఉన్న సంచులు పంచిపెట్టింది. కొందరు లేచారు, కొందరు లేచినట్టు నటించారు. ర్యాంకు పిల్ల తిన్నగా ఆమె దగ్గరికే వచ్చింది.

"మేడమ్, లోపల కప్పీ ఉందా?" అంటూ ఆమె కనుబొమల్ని చూసింది.

"నాకు తెలీదమ్మా."

"చెప్పకూడదా మేడమ్?"

అబద్ధం చెప్పొచ్చు. చెప్పకూడదు, మీరే కనుక్కోవాలి అని పెద్దరికంగా నవ్వొచ్చు. కానీ ఆ పిల్ల కళ్లు అంత ఆశగా తన ముఖం మీద జవాబు వెతుకుతుంటే ఆమెకి అబద్ధం నోట రాలేదు.

"చెప్పకూడదని కాదు. నిజంగానే తెలీదు. నేను చేసిన పెట్టె ఇలా పనిచెయ్యదు. ఎరుపు లాగితే నీలం పోవాలి. ఇవాళ ఇది ఎందుకిలా చేస్తోందో నాకూ తెలీదు."

ఆ మాట మామూలు గొంతుతోనే అంది గానీ హాలంతా వినబడింది. గుసగుసలు ఆగిపోయాయి.

ర్యాంకు పిల్ల ముఖం పాలిపోయింది. "మీకే తెలీకపోతే మార్కులెవరు వేస్తారు మేడమ్?"

"ఎవరూ వెయ్యరు."

"మరి మేం తప్పు చేస్తే ఎవరు చెప్తారు?"

ఆమె ఒక్క క్షణం ఆలోచించింది. ఇంతకు ముందు ఎవరూ ఆమెని అలా అడగలేదు, ఆమె కూడా అలా ఆలోచించలేదు. "పెట్టే చెబుతుంది. నువ్వనుకున్నట్టు తాడు కదలకపోతే నువ్వనుకున్నది తప్పు."

వెనక గోడకి ఆనుకున్న పొడుగాటి కుర్రాడొకడు స్టూలు దిగాడు. "ఒరేయ్, మేడమ్‌కి కూడా తెలీదంట్రా!" అన్నాడు. లాటరీ తగిలినవాడి సంబరం ఆ గొంతులో.

అంతే. స్టూళ్లు కిర్రుమన్నాయి. గోడలకి అంటుకున్న వాళ్లంతా ఊడి వచ్చేశారు. కాసేపటికి పెట్టె చుట్టూ ఎంతమంది చేరారంటే వరస కట్టించాల్సి వచ్చింది. ఒకడు పెట్టెకి చెవి ఆనించి "ఎవరూ మాట్లాడకండి" అని అరిచాడు. ఒక పిల్ల జానతో తాళ్లు కొలిచింది. ఒక జట్టు ఊహించినట్టే ఫోన్ లైటు వేసి కన్నంలోకి చూసి, నల్లగుడ్డ తప్ప ఏమీ కనబడక తేలు కుట్టిన దొంగల్లా వెనక్కి తగ్గింది. కిటికీ దగ్గర ఇద్దరు మాత్రం హాయిగా నిద్రపోతున్నారు. వాళ్లని లేపడం ఎవరికీ గుర్తు రాలేదు.

పొడుగాడి జట్టు పెట్టెని పక్కకి ఒరిగించి తాడు లాగింది. టక్ మనలేదు. నిలబెట్టి లాగారు. టక్ మంది. తలకిందులు చేసి లాగారు. ఏ చప్పుడూ లేదు, నీలం తాడు మాత్రం ఝుమ్మని లోపలికి పోయింది.

"లోపలేదో వేలాడుతోంది! బరువైంది! అది పడితేనే చప్పుడు!" అన్నాడు పొడుగాడు.

"బరువైతే ఆలస్యంగా ఎందుకు పడుతుంది? వెంటనే పడాలిగా?" అంది ర్యాంకు పిల్ల. ఆ పిల్లకి రోషం వచ్చింది. "రబ్బరు లాంటిదేదో ఉంది."

"రబ్బరైతే రెండోసారి ఎందుకు ఊరుకుంటోంది?"

ర్యాంకు పిల్ల గిరుక్కున మేడమ్ వైపు తిరిగింది, అలవాటుగా కనుబొమల కోసం. మేడమ్ అక్కడ లేదు. కొంగు నడుముకి దోపుకుని, నేల మీద మోకాళ్లపై కూర్చుని, పెట్టె అడుగున గోటితో తడుతోంది.

మధ్యాహ్నం భోజనాల వేళ వరండాలోకి వచ్చి ఆమె ఇంటికి ఫోన్ చేసింది. అనుమానం అప్పటికే తిన్నగా ఒకే మనిషి మీదికి పోయింది.

"అత్తయ్యా, పెట్టె ముట్టుకున్నారా?"

"ముట్టుకోవడమేంటమ్మాయ్, నేనెందుకు ముట్టుకుంటాను?" అన్నారు అత్తగారు. మళ్లీ తామే అందుకున్నారు. "నువ్వు పొద్దున్న స్నానానికి వెళ్లినప్పుడు, మరలు వదులుగా ఉన్నాయేమో, దార్లో ఊడిపోతాయేమో అని చూశాను. అంతే."

"దేంతో చూశారు?"

"చాకుతో."

ఆమె నుదురు కొట్టుకుంది.

"మూత తియ్యాలని తియ్యలేదమ్మా, అదే వచ్చేసింది. ఊరికే చూశాను. ఆ ఇనుప రింగు ఉందే, అది జారి దొర్లుకుంటూ ఫ్రిజ్ కిందికి పోయింది. ఎంత వెతికినా దొరకలేదు. నువ్వేమో బాత్‌రూమ్ తలుపు తీస్తున్నావు. నా కాళ్లూ చేతులూ ఆడలేదు. అందుకని దాని బదులు నేను..."

"చెప్పొద్దు!"

వరండాలో అన్నం తింటున్న ఇద్దరు పిల్లలు ఉలిక్కిపడి చూశారు. ఆమె గొంతు తగ్గించింది. నిజానికి ఆ క్షణంలో ఆమెకి చెప్పించుకోవాలనే ఉంది. ఒక్క మాట వింటే చాలు. మధ్యాహ్నం నుంచి మళ్లీ అన్నీ తెలిసిన మేడమ్ అయిపోవచ్చు. సాయంత్రం ప్రిన్సిపాల్ ముందు ఇదీ జవాబు అని రెండు గీతలు కొట్టి చూపించొచ్చు. పరువూ దక్కుతుంది. కానీ వింటే ఆ ముక్క తన ముఖంలో దాగదు. ర్యాంకు పిల్ల రెండు నిమిషాల్లో చదివేస్తుంది. పైగా, ఇదే అసలు సంగతి, పొద్దుట నుంచి ఆ పెట్టె మీద తనకి కలిగిన ఆరాటం ఆమెకి చదువుకునే రోజుల తర్వాత ఎప్పుడూ కలగలేదు. దాన్ని ఎవరో వచ్చి ఆర్పేస్తే ఊరుకునేలా లేదు.

"కోపమొచ్చిందా అమ్మాయ్?"

"ఇందాక వచ్చింది. ఇప్పుడు లేదు. కానీ అత్తయ్యా, లోపలేం పెట్టారో ఎవరికీ చెప్పకూడదు. నాక్కూడా. మీ అబ్బాయిక్కూడా."

"ఎన్నాళ్లూ?"

"నేను చెప్పేదాకా."

"అయ్యో, అదేం శిక్షే తల్లీ!" అని అత్తగారు వాపోయారు. ఆ వాపోవడం నటన కాదు.

మధ్యాహ్నం గడిచేసరికి బల్లల నిండా అట్టపెట్టెలు లేచాయి. ఒకరి పెట్టె టక్ మంటుంది గానీ తాడు కదలదు. ఇంకొకరిది కదులుతుంది గానీ ఆలస్యం లేదు. పొడుగాడి జట్టు తాళాలగుత్తి ఒకటి తాడుకి వేలాడదీసి ఆ చప్పుడు అచ్చుగుద్దినట్టు తెప్పించింది. ర్యాంకు పిల్ల తన పెట్టెని రెండుసార్లు చింపి మళ్లీ మొదలుపెట్టింది. వేలికి పురికొస కోసుకుపోయి రక్తం వస్తే నోట్లో పెట్టుకుని చప్పరించి మళ్లీ ముడి వేసింది. ఎరుపు లాగితే పసుపు కదిలేదాకా ఇద్దరు ముగ్గురు వచ్చారు. పసుపు తాడు ఎందుకు ఆలస్యంగా వెళుతోందో, మధ్యలో ఒకసారి ఎందుకు అలుగుతోందో మాత్రం ఎవరి వల్లా కాలేదు.

అప్పుడు ప్రిన్సిపాల్ వచ్చాడు.

ఆయన గుమ్మంలో కనబడగానే పిల్లలందరూ లేచి నిలబడ్డారు. స్విచ్ ఆపినట్టు చప్పుడంతా పోయింది. డ్రాయింగ్ మేడమ్ ఆ నిశ్శబ్దాన్ని గుర్తుపట్టింది. బట్టల తీగల రోజు నిశ్శబ్దమే అది. ఆయన హాలంతా ఒకసారి చూసి, అట్టముక్కలు తొక్కకుండా జాగ్రత్తగా ముందుకొచ్చి, అడగాల్సిందే అడిగాడు.

"ఎవరికైనా ఏమైనా ప్రశ్నలున్నాయా?"

ఒక్కరూ నోరు మెదపలేదు. పొడుగాడు బూట్ల వైపు చూసుకున్నాడు. ర్యాంకు పిల్ల వేలు నోట్లోంచి తీసి చెయ్యి వెనక్కి పెట్టుకుంది. పొద్దుట నుంచి ఎన్ని ప్రశ్నలు అడిగారు! అందులో ఒక్కటి, ఒకే ఒక్కటి ఇప్పుడు అడగండర్రా అని ఆమె మనసులో మొక్కుకుంది. ఆయన ఆగాడు. మర్యాదగా చాలాసేపే ఆగాడు.

"ఒక్కటి కూడా లేదా? సరే మేడమ్. మీరు కష్టపడ్డారు, నేను కాదనను." ఆయన గొంతులో వెటకారం లేదు, అందుకే ఆమెకి ఇంకా బాధేసింది. "పెట్టె తెరిచేసి సరైన సమాధానం చూపించండి. ఏ జట్టుది సరిపోతే వాళ్లకి బహుమతి ఇచ్చి వెళతాను. వచ్చే శనివారం నుంచి లెక్కలు పెట్టుకుందాం."

ఇక చేసేదేముంది? ఆమె బల్ల మీది స్క్రూడ్రైవర్ తీసుకుంది. మొదటి మర మీద పెట్టింది.

"తెరవకండి మేడమ్!"

ర్యాంకు పిల్ల. ఆ పిల్ల పెద్దవాళ్ల మాటకి అడ్డం రావడం ఎవరూ చూడలేదు. తానే బిత్తరపోయినట్టు నిలబడింది గానీ వెనక్కి తగ్గలేదు.

"ఎందుకు తెరవకూడదు?" అన్నాడు ప్రిన్సిపాల్.

"చాలా దూరం వచ్చేశాం సార్. ఇప్పుడు తెరిస్తే ఇదంతా పోతుంది."

"ఎంత దూరం వచ్చారు?"

ఆ పిల్ల చెప్పడం మొదలుపెట్టింది. ఒరిగిస్తే ఏమవుతుందో, తలకిందులు చేస్తే ఏమవుతుందో, రబ్బరని తాననుకున్నది ఎలా తప్పైందో. పొడుగాడు మధ్యలో దూరి తాళాలగుత్తి చూపించాడు. వెనక నుంచి ఎవరో "అది కాదు సార్, అసలు..." అన్నారు. నలుగురు నాలుగు పక్కల నుంచి పెట్టెని ఆయన వైపు జరిపారు. ఆయన చేతికి ఎర్ర తాడు ఎవరు అందించారో తెలియదు. ఆయన లాగాడు.

టక్. పసుపు తాడు బద్ధకంగా లోపలికి వెళ్లింది.

ప్రిన్సిపాల్ కళ్లజోడు సర్దుకున్నాడు. "ఇదేంటి, అంత ఆలస్యంగా కదిలింది?"

అందరూ ర్యాంకు పిల్ల వైపు చూశారు. ఆ పిల్ల నోరు తెరిచింది.

"తెలీదు సార్."

అన్నాక, ఏమీ కూలిపోలేదని గమనించినట్టుంది, కొంచెం గట్టిగా మళ్లీ అంది. "మాకెవరికీ తెలీదు సార్. మేడమ్‌కీ తెలీదు."

ఆయన మళ్లీ లాగాడు. ఈసారి పసుపు కదల్లేదు. మళ్లీ లాగాడు, కదిలింది. వంగి కన్నంలోకి చూశాడు. పెట్టెని చెవి దగ్గరికి తీసుకోబోయి, పిల్లలు చూస్తున్నారని ఆగి, ఆ తర్వాత మొహమాటం మానేసి చెవి ఆనించేశాడు. అప్పుడు ర్యాంకు పిల్ల ఆయన ముఖంలో జవాబేమీ వెతక్కుండా, పక్కన కూర్చున్న స్నేహితురాలిని అడిగినట్టు అడిగింది.

"మీరేమనుకుంటున్నారు సార్? లోపలేముండొచ్చు?"

ప్రిన్సిపాల్ తల ఎత్తాడు. ఆ పిల్లని చూశాడు, పెట్టెని చూశాడు. ఈ హాల్లో తాను వినడానికి వచ్చిన ప్రశ్న తన మీదికే వచ్చింది.

"నాకూ తెలీదమ్మా" అన్నాడు చివరికి. ఆయనకీ ఆ మాట కొత్తే, నోట్లో తిప్పుకుని మరీ అన్నాడు. తర్వాత డ్రాయింగ్ మేడమ్ చేతిలోని స్క్రూడ్రైవర్ మెల్లగా తీసుకుని చొక్కా జేబులో పెట్టుకున్నాడు. "ఇది నా దగ్గరుంటుంది. నేను లేకుండా ఎవరూ తెరవకండి. వచ్చే శనివారం మధ్యాహ్నమే వస్తాను. లెక్కలు ఇంకెప్పుడైనా చూసుకుందాం."

ఆయన వెళ్లిపోతుంటే పొడుగాడు అప్పుడే ఎర్ర తాడు పట్టుకుని మళ్లీ లాగుతున్నాడు. ర్యాంకు పిల్ల వాడి చెయ్యి నెట్టి "నాకివ్వు" అంటోంది. డ్రాయింగ్ మేడమ్ వాళ్లిద్దరి మధ్యా స్టూలు లాక్కుని కూర్చుంది. ఏడాదంతా శనివారాలు తనవే అయ్యాయన్న సంగతి, ఆయన మెట్లు దిగి వరండా దాటి వెళ్లిపోయాక కూడా ఆమెకి తట్టలేదు. అప్పటిదాకా ఆమె పసుపు తాడు గురించే ఆలోచిస్తోంది.